ఒకే ఇంటిని పదేళ్ళు అడిగితే

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ పేరు వినగానే జొన్న, సజ్జ, కంది, వేరుశనగ వంగడాలు గుర్తుకు వస్తాయి. ఆ పంటలను పండించే ఇళ్ళలో బతుకు ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి అదే సంస్థ 1975లో ఒక దీర్ఘకాల అధ్యయనం మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి గ్రామాలను ఎంచుకుని, ప్రతి గ్రామంలోనూ భూమి లేని కూలీల కుటుంబాలు 10, చిన్న, మధ్య, పెద్ద రైతుల కుటుంబాలు పదేసి చొప్పున, మొత్తం 240 కుటుంబాలను తీసుకున్నారు. తెలుగు నేల మీద ఉన్న ఆ రెండు గ్రామాలు అవురేపల్లె, డోకూరు. పల్లెటూళ్ళ నుంచి వచ్చి చదువుకున్న యువకులు, స్థానిక భాష తెలిసినవారు, ఆ ఊళ్ళలోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకొకసారి అవే గడపలకు వెళ్ళేవారు. ఎవరు ఎన్ని రోజులు కూలికి వెళ్ళారు, ఎంత కూలి వచ్చింది, ఏం అమ్మారు, ఏం కొన్నారు, ఎంత అప్పు తెచ్చారు, ఎవరికి జబ్బు చేసింది అని అడిగి రాసుకునేవారు. అవురేపల్లెలో ఈ నమోదు తొలి విడతలోనే 1984 దాకా, అంటే పదేళ్ళపాటు, ఆగకుండా సాగింది.

ఒకసారి అడిగితే చాలదా అన్న ప్రశ్న సహజమే. ఒక ఊరిలోని కూలీలందరి బరువును, వారి సంపాదనను ఒకే రోజున నమోదు చేశామనుకుందాం. పుష్టిగా ఉన్నవారికి సంపాదన ఎక్కువగా ఉన్నట్టు తేలుతుంది. అయితే ఒంట్లో సత్తువ ఉండటం వల్ల ఎక్కువ సంపాదిస్తున్నారా, ఎక్కువ సంపాదిస్తున్నందువల్ల బాగా తిని పుష్టిగా ఉన్నారా, లేక ఇంటికి ఇంత పొలమో, తండ్రికి కాస్త చదువో ఉండటం వల్ల ఆ రెండూ కలిసి వచ్చాయా అన్నది ఆ ఒక్క రోజు లెక్క ఎన్నటికీ చెప్పలేదు. అదే మనిషిని మరుసటి ఏడు మళ్ళీ తూచి, మళ్ళీ అడిగితే పరిస్థితి మారుతుంది. పుట్టుక, కులం, తండ్రి చదువు, సహజమైన నేర్పు ఈ ఏడాదిలో మారవు కనుక అవి లెక్కలో నుంచి తప్పుకుంటాయి. అప్పుడు మనిషిని పక్కింటివాడితో కాక అతని నిరుటి స్థితితోనే పోల్చవచ్చు.

ఆర్థికవేత్త అనిల్ దేవలాలికర్ ఈ గ్రామాల సమాచారంతో చేసిన పని ఈ పద్ధతి బలాన్ని చక్కగా చూపుతుంది. 1988లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, రోజువారీ తిండిలోని కేలరీలు పెరిగినా తగ్గినా కూలి రేటులో గాని, పొలం దిగుబడిలో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎత్తుకు తగిన బరువు మారినప్పుడు మాత్రం ఆ రెండూ గట్టిగా మారాయి. శరీరం గాదె లాంటిది. తిండి తగ్గిన కొద్ది రోజులు లోపలి నిల్వ తీసి పనికి సర్దుతుంది, గాదె అడుగంటాక మాత్రం చేతిలో పని సాగదు. కూలీ ఆకలిని ఒక పూట లెక్కతో కొలవరాదని, ఏళ్ళ తరబడి పేరుకున్న లోటుగా చూడాలని నేను అర్థం చేసుకున్నాను. ఆకలి సమస్యపై మాట్లాడేవారు ఈ ఫలితాన్ని ఇంకా తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

మరో ప్రశ్న ఇంటి క్షేమానికి సంబంధించినది. ఇంటిపెద్ద మంచాన పడితే, నెల రోజులు పని దొరకకపోతే ఆ ఇంట్లో తిండి ఎంత తగ్గుతుంది? అవురేపల్లె, షోలాపూర్ జిల్లాలోని శిరాపూర్, అకోలా జిల్లాలోని కంజర గ్రామాల పదేళ్ళ లెక్కలను పరిశీలించిన ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో అందరినీ ఆశ్చర్యపరిచిన జవాబు చెప్పారు. ఊరంతటి వాడకం, అంటే తిండి, ఇతర సరుకుల వినియోగం, పెరిగినప్పుడు ప్రతి ఇంటి వాడకమూ పెరుగుతోంది, ఊరంతటికీ గడ్డుకాలం వచ్చినప్పుడు తగ్గుతోంది. ఒక్క ఇంటికి వచ్చిన జబ్బు, పనిలేమి, ఆదాయ నష్టం మాత్రం ఆ ఇంటి వాడకాన్ని అనుకున్నంతగా కుంగదీయడం లేదు. చేబదుళ్ళు, బంధువుల సాయం, గింజల నిల్వ, చిన్నాచితకా అమ్మకాలు కలిసి కొంత కాపు కాస్తున్నాయన్నమాట. అంతకు అయిదేళ్ళ ముందే మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ ఇవే గ్రామాల లెక్కల్లో, ఆదాయంలో ఒడిదుడుకులు ఎక్కువగా ఉన్న రైతులు కూతుళ్ళను దూరపు ఊళ్ళకు ఇస్తున్నారని, అలాంటి వియ్యాలున్న ఇళ్ళలో తిండి ఖర్చు తక్కువగా ఊగిసలాడుతోందని గమనించారు. మన ఊళ్ళో వాన పడని ఏడు వియ్యంకుడి ఊళ్ళో పడవచ్చు.

ఈ మాటల నుంచి పల్లె తనను తానే చూసుకుంటుంది, ప్రభుత్వం అక్కర లేదు అన్న తీర్పుకు వెళ్ళడం పొరపాటు. మూడింటిలో ఒక గ్రామంలో భూమిలేని కుటుంబాలకు ఈ రక్షణ తక్కువగా ఉందని టౌన్సెండే రాశారు. వాడకాన్ని లెక్కకట్టిన తీరులోనే లోపం ఉందని, దాన్ని సరిదిద్దితే సొంత ఆదాయం ప్రభావం బాగా పెరుగుతుందని మార్టిన్ రావాలియన్, శుభమ్ చౌధురి 1997లో చూపించారు. పైగా కరువు ఒక్క ఇంటికి రాదు, ఊరంతటికీ వస్తుంది. అప్పుడు చేబదులు ఇచ్చే చెయ్యే ఉండదు.

ఇల్లు అనేది ఒక్క కడుపు కాదన్నది మరో ముఖ్యమైన విషయం. ఈ గ్రామాల్లో ఎవరికి ఏ పోషకం ఎంత అందుతోందో విడివిడిగా కొలిచిన సమాచారాన్ని జెరె బెర్మన్ పరిశీలించినప్పుడు, తిండికి కొరత లేని రోజుల్లో కనిపించని తేడా, కొరత రోజుల్లో మగపిల్లల వైపు మొగ్గుగా బయటపడింది. ఏడాదికొకసారి, అదీ పంట చేతికొచ్చిన రోజుల్లో, ఇంటిపెద్దను మాత్రమే అడిగి వచ్చే సర్వేకు ఆడపిల్ల కంచం ఎన్నటికీ కనబడదు.

ఇదే దారిలో 2002లో మొదలైన మరో అధ్యయనం యంగ్ లైవ్స్. ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాలతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, కరీంనగర్ నుంచి హైదరాబాద్ దాకా సుమారు 3,000 మంది పిల్లలను ఎంచుకుని, వారు పెద్దవారయ్యే దాకా అనుసరిస్తూ వచ్చింది. సర్వే మొదలైన కాలంలోనే రాష్ట్రాన్ని తీవ్రమైన కరువు పట్టుకుంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తరువాత, 2003 జనవరి నుంచి ఇక్కడి బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టసాగారు. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కరువు దెబ్బ తిన్న ఇళ్ళ పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ వెనకబడ్డారు. బడి భోజనం అందిన పిల్లల్లో ఆ లోటు చాలావరకు పూడింది. కొన్నేళ్ళ తేడాతో అవే ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి ఉండకపోతే ఈ మాటను ఇంత నమ్మకంగా చెప్పే వీలుండేది కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇదే బృందం ఆ యువతీయువకులకు ఫోన్లు చేసి, పని పోయిందా, తిండికి ఇబ్బంది ఉందా, మనసు ఎలా ఉంది అని అడగగలిగిందంటే, ఏళ్ళుగా పెంచుకున్న పరిచయమే కారణం.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. ఒక ఊరిలోని 40 ఇళ్ళు రాష్ట్రం మొత్తానికి ప్రతినిధులు కావు. పాలమూరు వంటి ప్రాంతంలో ఇంతకన్నా పెద్ద చిక్కు వలస. ఏ ఇంటికి గడ్డుకాలం ముదిరిందో ఆ ఇంటి మనుషులే తాళం వేసి బొంబాయికో హైదరాబాదుకో వెళ్ళిపోతారు. వారిని వెతికి పట్టుకోకపోతే మిగిలిన లెక్క ఉన్నదానికన్నా మెరుగైన చిత్రం చూపుతుంది. వెతకడానికి డబ్బు, ఓపిక కావాలి. అలాగే ఇన్నేళ్ళు తమ అప్పులను, రోగాలను విప్పి చెప్పిన కుటుంబాలకు ఆ ఫలితాలను వారి భాషలో తిరిగి చెప్పవలసిన బాధ్యత పరిశోధకులకు ఉంది.

ప్రభుత్వ సర్వేల్లోనూ కొంత కదలిక వచ్చింది. 2017లో మొదలైన ఆవర్తన శ్రామికశక్తి సర్వే పట్టణాల్లోని ఇంటికి నాలుగుసార్లు, పల్లెలోని ఇంటికి ఒక్కసారే వెళ్ళేది; 2025 జనవరి నుంచి పల్లెల్లోనూ ఎంపికైన ఇంటికి నాలుగుసార్లు వెళ్తున్నారు. అయితే ఆ నాలుగూ వరుస నెలలే కనుక వానాకాలం కూలిని, ఎండాకాలం ఖాళీని ఒకే ఇంట్లో చూసే అవకాశం తక్కువ. ఆ సర్వే ప్రధానంగా పని గురించే అడుగుతుంది. జబ్బులు, ఆసుపత్రి ఖర్చుల వివరాలను జాతీయ నమూనా సర్వే కొన్నేళ్ళకొకసారి వేరే ఇళ్ళకు వెళ్ళి సేకరిస్తుంది. పని పోయిన ఇంటిని ఒకచోట, జబ్బు చేసిన ఇంటిని మరొకచోట అడుగుతున్నంత కాలం, వాటిలో ఏది దేనికి దారితీసిందో దేశం మొత్తానికి లెక్కకట్టలేము. పని, తిండి, ఆరోగ్యం మూడింటినీ కొన్ని వేల ఇళ్ళలో ఏళ్ళ తరబడి కలిపి అడిగే సర్వే ఒకటి రెండు తెలుగు రాష్ట్రాలకూ అవసరం. దానిని ఎలా నడపాలో అవురేపల్లె, డోకూరుల అనుభవం ఇప్పటికే చూపించింది.