నత్తగుల్ల పేగు చక్కెరను ఎలా పీల్చుకుంటుంది: అపోహలు - వాస్తవాలు

అపోహ: నత్తగుల్ల పేగు మలాన్ని మోసుకుపోయే గొట్టం మాత్రమే.

వాస్తవం: డిగ్రీ ప్రయోగశాలలో పైలా అనే మంచినీటి నత్తను కోసి జీర్ణవ్యవస్థను విప్పిన విద్యార్థులు తరచూ ఇదే మాట రాస్తారు, అందుకు కారణం లేకపోలేదు. ముదురు రంగు జీర్ణగ్రంథి ఆహార రేణువులను తన కణాలలోకే తీసుకుని జీర్ణించుకుంటుంది కనుక శోషణలో పెద్ద వాటా దానిదే. అయినా ఆ గ్రంథి నడుమ చుట్టలు తిరిగిన పేగు లోపలి గోడకు శైలికలు (కదిలే సన్నని నూగు), సూక్ష్మచూషకాలు (పీల్చుకునే వైశాల్యాన్ని పెంచే అతిచిన్న వేళ్ల వంటి పొడుచుకులు) ఉన్నాయి. వట్టి గొట్టానికి ఇంత ఏర్పాటు అక్కర్లేదు.

అపోహ: పేగులో చక్కెర ఎక్కువ, రక్తంలో తక్కువ కాబట్టి అది దానంతట అదే ఇంకిపోతుంది.

వాస్తవం: ఇంకడం కొంత ఉంటుంది, కానీ కథ అంతటితో తీరదు. ఎలుకల, హామ్‌స్టర్ల పేగుల కోసం విల్సన్, వైజ్‌మన్ 1954లో వెలువరించిన తిరగేసిన సంచి పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. పేగు ముక్కను సన్నని గాజు కడ్డీ మీద చొక్కా చేతిలా తిరగేసి, రెండు కొసలనూ దారంతో కట్టి, లోపలా బయటా ఒకే గాఢతలో చక్కెర ద్రావణం ఉంచి గాలి బుడగలు పంపుతారు. కాసేపటికి లోపలి గాఢత పెరిగితే అది వట్టి ఇంకుడు కాదు, కణాలు శక్తి ఖర్చు పెట్టి చక్కెరను లాగుతున్నాయన్నమాట. గ్లూకోజును కణాలు తామే ఖర్చు చేసి లెక్క తప్పిస్తాయి కనుక గెలాక్టోజు వాడటం మేలని నా అభిప్రాయం.

ఆ శక్తి సోడియం నుంచి వస్తుంది. కణం తన అడుగు పొరలోని పంపుతో సోడియాన్ని నిరంతరం బయటికి తోడేస్తుంటుంది. తిరిగి లోపలికి వచ్చే సోడియం చక్కెరను వెంటబెట్టుకు వస్తుంది. రాబర్ట్ క్రేన్ 1960లో క్షీరదాల పేగు విషయంలో ప్రతిపాదించిన ఈ జోడు రవాణా, నత్తలకు బంధువైన సముద్రపు అప్లీసియా పేగులోనూ కనిపించింది. ఆపిల్ చెట్టు బెరడులో దొరికే ఫ్లోరిజిన్ దీన్ని అడ్డుకుంటుంది.

అపోహ: చెరువు నీటిలో సోడియం బహు తక్కువ కనుక మంచినీటి నత్తలో ఇది కుదరదు.

వాస్తవం: రవాణా జరిగేది చెరువు నీటిలో కాదు, పేగు రసంలో, ఆ రసం లాలాజలంతో, జీర్ణగ్రంథి స్రావాలతో తయారవుతుంది. పైగా లిమ్నియా వంటి నత్తలు నీటిలోని కొద్దిపాటి సోడియాన్ని శక్తి ఖర్చు పెట్టి దేహంలోకి లాక్కుంటాయి. అయినా వాటి రక్తంలోని సోడియం మన రక్తంలో ఉన్నదానిలో సగానికి కూడా రాదు. అందుకే సంచి ప్రయోగంలో క్షీరదాలకు కలిపే లవణ ద్రావణాన్ని నత్త పేగుకు అలాగే పోస్తే కణాలు నీరు కోల్పోయి ముడుచుకుపోతాయి. ఆ సంచి ఇచ్చే అంకెలను పట్టించుకోనక్కర్లేదు.