వేటగాడికి ప్రేక్షకులు దొరికాక

1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటకని ఆఫ్రికా వెళ్లాడు. ఆయన అక్కడ ఉండగానే షికాగోలో విలియం సెలిగ్ అనే సినిమా నిర్మాత తన స్టూడియోలో అడవి సెట్ వేయించాడు. రూజ్‌వెల్ట్ పోలికలున్న ఒక నటుడిని పెట్టుకున్నాడు. ఒక సింహాన్ని కొనుక్కొచ్చి కెమెరా ముందే కాల్చి చంపించాడు. రూజ్‌వెల్ట్ సింహాన్ని కొట్టాడన్న వార్త ఆఫ్రికా నుంచి రాగానే సినిమా విడుదల చేశాడు. జనం విరగబడి చూశారు. మరుసటి ఏడాది చెర్రీ కియర్టన్ ఆఫ్రికాలో నిజంగా తీసిన రూజ్‌వెల్ట్ యాత్ర చిత్రం వచ్చింది గానీ, స్టూడియో సింహం పంచిన ఉత్కంఠ అందులో లేకపోయింది.

టీవీ వేట కార్యక్రమాల నీతి గురించి మాట్లాడుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. టీవీ పుట్టకముందే ఈ చిక్కు ఉంది. నిజమైన వేటలో చాలా భాగం ఎదురుచూపే. జంతువు కనబడని రోజులు, కనబడినా దెబ్బకు అందని రోజులు ఎక్కువ. తెరకు మాత్రం జంతువు పడిపోవడం కావాలి.

వేటకు నీతి అనేది ఒకటి ఎందుకు అవసరమైందో కూడా చూడాలి. 19వ శతాబ్దంలో అమెరికాలో మాంసం కోసం, తోళ్ల కోసం, ఈకల కోసం సాగిన వ్యాపార వేట అడవులను ఖాళీ చేసింది. కోట్లలో ఉన్న బైసన్లు (అడవి దున్నల్లాంటి జంతువులు) వందల్లోకి పడిపోయాయి. ఆకాశాన్ని కమ్మేసేటంత పెద్ద గుంపులుగా ఎగిరిన ప్యాసింజర్ పావురాల్లో చివరిది 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. ఈ విధ్వంసం కళ్లారా చూసిన రూజ్‌వెల్ట్, పత్రికా సంపాదకుడు జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ కలిసి 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అనే వేటగాళ్ల సంఘం పెట్టారు. ‘ఫెయిర్ చేజ్’ అన్న నియమానికి అక్కడే బలం వచ్చింది. చట్టానికి లోబడి, స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువును మాత్రమే వేటాడాలి. దానికి తప్పించుకునే అవకాశం నిజంగా ఉండాలి. క్లుప్తంగా ఇదే ఆ నియమం.

1902లో మిసిసిపీలో రూజ్‌వెల్ట్ కోసం ఒక ఎలుగుబంటిని పట్టి చెట్టుకు కట్టేశారు. కట్టేసిన జంతువును కాల్చనని ఆయన తిరస్కరించాడు. దాని మీద వచ్చిన కార్టూన్ వల్లే ‘టెడ్డీ బేర్’ బొమ్మ పుట్టింది. కథలో తరచూ వదిలేసే ముక్క ఒకటుంది. అప్పటికే కుక్కల దాడిలో గాయపడిన ఆ ఎలుగుబంటి బాధ తీర్చమని ఆయన చెప్పాడు, దాన్ని కత్తితో చంపేశారు. బొమ్మగా మిగిలిన కథలో ఆ చావు కనిపించదు. వేట గురించి చెప్పే కథల్లో ఏది తీసేస్తారన్నది అప్పుడూ ప్రశ్నే, ఇప్పుడూ ప్రశ్నే.

ప్రకృతి పరిరక్షణ గురించి లోతుగా రాసిన ఆల్డో లియోపోల్డ్ మాట ఒకటి 1949లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, పుస్తకంలో వచ్చింది. వేటగాడికి చప్పట్లు కొట్టేవాళ్లు గానీ తప్పుపట్టేవాళ్లు గానీ ఉండరు, అతన్ని నడిపించేది అతని మనస్సాక్షే, వేట నీతికి ఉన్న ప్రత్యేకత అదే అన్నది ఆ మాట సారాంశం. ఆ పుస్తకం వచ్చే నాటికి ఇళ్లలోకి టీవీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ తర్వాత జరిగినదంతా నా దృష్టిలో ఈ ఒక్క మార్పు కథే: సాక్షి లేని ఆటకు సాక్షి వచ్చాడు, పైగా ఆ సాక్షితో డబ్బు ముడిపడి ఉంది.

మొదట వచ్చినవి కాస్త పెద్దరికంగానే ఉండేవి. ఏబీసీ ఛానల్ 1965లో ‘ది అమెరికన్ స్పోర్ట్స్‌మన్’ మొదలుపెట్టింది. కర్ట్ గౌడీ వ్యాఖ్యాత. సినిమా తారలు, క్రీడాకారులు వేటకూ చేపలు పట్టడానికీ వెళ్లేవారు. 1986 దాకా సాగిన ఆ కార్యక్రమంలో రానురాను వేట తగ్గి, ప్రకృతి, సాహస యాత్రలు పెరిగాయి.

అసలు గొడవ 1975 సెప్టెంబర్ 5న రాజుకుంది. ఆ రాత్రి సీబీఎస్ ఛానల్ ‘ద గన్స్ ఆఫ్ ఆటమ్’ అనే డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. వ్యాఖ్యానం డాన్ రాదర్‌ది. మిషిగన్‌లో చెత్తకుప్ప దగ్గర తిండి కోసం చేరిన ఎలుగుబంట్లను కాల్చడం, కంచె వేసిన స్థలంలో డబ్బు కట్టి జంతువులను చంపడం అందులో చూపించారు. ప్రసారానికి ముందే తుపాకీ సంఘాలు, వేట సంఘాలు ఒత్తిడి తెచ్చాయి. ప్రకటనలు ఇస్తామన్న కంపెనీలు దాదాపు అన్నీ వెనక్కి తగ్గాయి. జనం నుంచి వచ్చిన స్పందన మీద అదే నెలలో సీబీఎస్ మరో కార్యక్రమం చేయాల్సి వచ్చింది. మిషిగన్‌లోని వేట సంఘాల సమాఖ్య పరువునష్టం దావా వేసి ఓడిపోయింది.

తమలో కొద్దిమంది చేసే పాడుపనిని అందరికీ అంటగట్టారని వేటగాళ్ల ఫిర్యాదు. అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఆ దృశ్యాలు కల్పితం కాదు. ఆ రాత్రి నుంచి వేటగాళ్లలో చాలామందికి ఒక నమ్మకం గట్టిపడింది: మన కథ బయటివాళ్లు చెబితే ఇలాగే ఉంటుంది, మనమే చెప్పుకోవాలి.

కేబుల్ టీవీ ఆ అవకాశం ఇచ్చింది. 1990లలో అవుట్‌డోర్ ఛానల్, 2003లో స్పోర్ట్స్‌మన్ ఛానల్ వచ్చాయి. వీటిలో చాలా కార్యక్రమాలు నడిచే పద్ధతి మామూలు టీవీకి తిరగబడి ఉంటుంది. నిర్మాతకు ఛానల్ డబ్బు ఇవ్వదు. నిర్మాతే ఛానల్‌కు డబ్బు కట్టి అరగంట కొనుక్కుంటాడు. ఆ డబ్బు స్పాన్సర్ల దగ్గర రాబట్టుకోవాలి. విల్లు ఒకరిది, తుపాకీ దుర్భిణి ఒకరిది, బట్టలు ఒకరివి, జింకలను రప్పించే మేత ఒకరిది, వేటకు చోటిచ్చిన ఫారం ఇంకొకరిది. జంతువు పడకపోతే ఎపిసోడ్ లేదు. ఎపిసోడ్ లేకపోతే వచ్చే ఏడాది స్పాన్సర్ లేడు. మంచె మీద కూర్చుని, ఈ దూరం నుంచి వేయనా వద్దా అని తేల్చుకోవాల్సిన ఆ రెండు క్షణాల్లో ఈ లెక్క కూడా మనసులో తిరుగుతుంది. లియోపోల్డ్ చెప్పిన మనస్సాక్షికి అంత టెన్షన్ పెడితే అది ఎన్నాళ్లు నిలబడుతుంది?

ఎడిటింగ్‌లో ఏం జరుగుతుందో ప్రేక్షకుడికి తెలియదు. విల్లు లాగుతున్న క్లోజప్, చెట్ల మధ్య నడక లాంటివి చాలాసార్లు జంతువు చచ్చాక మళ్లీ నటించి తీస్తారు. దాన్ని పెద్ద తప్పని నేను అనను. తీసేసినవే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. గాయపడి పారిపోయి దొరకని జంతువు తెర మీద కనిపించడం అరుదు. గంటల తరబడి నెత్తుటి జాడ వెతకడం అరనిమిషంలో అయిపోతుంది. కంచె ఎక్కడుందో ఫ్రేములోకి రాదు. మాట తీరు కూడా మారిపోయింది. కొమ్ములను అంగుళాల్లో కొలిచే పద్ధతిని బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ 1950లో స్థిరపరిచింది. జంతువుల ఎదుగుదలకు రికార్డుగా మొదలైన ఆ కొలత, టీవీలో జంతువు పేరే అయిపోయింది. జింక అనరు, ‘నూట డెబ్బై’ అంటారు.

దాచినవి కొన్ని కోర్టుల్లో బయటపడ్డాయి. మాంట్‌గోమరీ జెంట్రీ జంట గాయకుల్లో ఒకడైన ట్రాయ్ జెంట్రీ 2004లో మిన్నెసోటాలో ఒక ఎలుగుబంటిని బాణంతో చంపాడు. అది ‘కబ్బీ’ అని పేరు పెట్టి సాకిన మచ్చిక జంతువు. దాన్ని కొని, కంచె లోపలే చంపి, అడవిలో వేటాడినట్టు వీడియో ఎడిట్ చేశారు, అడవి ఎలుగుబంటిగానే రికార్డుల్లో నమోదు చేయించారు. 2006లో అతను నేరం ఒప్పుకున్నాడు. 15,000 డాలర్ల జరిమానా పడింది, ఆ రాష్ట్రంలో ఐదేళ్లు వేట నిషేధించారు.

రాక్ గాయకుడు టెడ్ న్యూజెంట్‌ను పట్టించింది అతని సొంత కార్యక్రమమే. కాలిఫోర్నియాలో అతను జింకను చంపిన ఎపిసోడ్ 2010లో ప్రసారమైతే, వేట అధికారులు టీవీలో చూసి విచారణ మొదలుపెట్టారు. ఎర వేసి వేటాడటం ఆ రాష్ట్రంలో నేరం. 1,750 డాలర్ల జరిమానా కట్టాడు. 2012లో అలాస్కా ఎలుగుబంటి కేసులో మళ్లీ నేరం ఒప్పుకున్నాడు. అతని బాణం తగిలి ఒక ఎలుగుబంటి తప్పించుకుపోయింది, కొన్ని రోజుల తర్వాత ఇంకోదాన్ని చంపాడు. అక్కడి నియమం ప్రకారం గాయపరిచినా ఒకటి కొట్టినట్టే లెక్క. ఆ నియమం తనకు తెలియదన్నాడు. ఏళ్ల తరబడి వేటను టీవీలో చూపించి లక్షలమందికి గురువుగా నిలిచినవాడు ఆ మాట అనడం నాకు జరిమానా కంటే పెద్ద విషయంగా అనిపించింది.

చట్టం తప్పకపోయినా జనం భరించలేని సందర్భాలూ వచ్చాయి. 2013లో ‘అండర్ వైల్డ్ స్కైస్’ కార్యక్రమంలో టోనీ మాక్రిస్ బోట్స్‌వానాలో ఏనుగును ముఖం మీద కాల్చడం ఎన్‌బీసీ స్పోర్ట్స్ ప్రసారం చేసింది. జనం మండిపడ్డారు. తనను విమర్శించేవారిని మాక్రిస్ హిట్లర్‌తో పోల్చాక ఛానల్ ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. నిజానికి ఏనుగును చంపినప్పుడు ఆపలేదు, ఆ మాట అన్నాక ఆపింది.

ఇంకో దారి లేకపోలేదు. 2012లో మొదలై తర్వాత నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లిన ‘మీట్ఈటర్’ అనే వేట కార్యక్రమంలో స్టీవెన్ రినెల్లా కొన్నిసార్లు ఉత్త చేతులతో ఇంటికి వస్తాడు. దొరికినప్పుడు కోసి, వండి, తిని చూపిస్తాడు. అది చూస్తే వేట మీద ఉన్న వ్యతిరేకత పోతుందని చెప్పను. కానీ ఓడిపోయిన రోజు కూడా చూపించేవాడి మాటను నమ్మగలం.

ఈలోగా ఛానళ్లు అవసరం లేని కాలం వచ్చేసింది. 2016లో కెనడాలోని ఆల్బర్టాలో ఒక అమెరికన్ వేటగాడు ఎర దగ్గరికి వచ్చిన నల్ల ఎలుగుబంటి మీదికి ఈటె విసిరి చంపి, ఆ వీడియోను యూట్యూబ్‌లో పెట్టాడు. అప్పటికి అక్కడ ఈటెతో వేట మీద నిషేధం లేదు. వీడియో చూసి ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక, నిషేధం తెస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఈటెకు ఒక చిన్న కెమెరా కట్టి ఉంది.