కల్తీ కల్లు: మత్తు పొడి ఆగిన మూడో రోజు

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. కొందరు చనిపోయారు. నమూనాల్లో అల్ప్రాజోలం అనే మత్తు మందు పొడి బయటపడింది. అంతకు మూడు నెలల ముందు కామారెడ్డి జిల్లా పల్లెల్లోనూ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రిలో చేరారు. దాంతో పాత వాదనే మళ్లీ మొదలైంది. దుకాణాలన్నీ మూసేయాలని ఒక పక్షం అంటోంది. కల్తీ చేసినవాణ్ని పట్టుకోండి గానీ గీత వృత్తి జోలికి రావద్దని రెండో పక్షం అంటోంది. రోజూ సాయంత్రం ఆ కల్లు పడకపోతే చేతులు వణికి, రాత్రి కన్ను మూతపడని మనిషి గురించి మాత్రం రెండు పక్షాలూ మాట్లాడటం లేదు. జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో అలాంటివాళ్లు కొత్తేమీ కాదు.

సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరు సారా నిషేధం, హైదరాబాద్‌లో 2004లో మూతబడిన కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకోవడం పాఠకులకు తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2015 సెప్టెంబరు దగ్గర ఆగాలి.

ఆ రోజుల్లో గుడుంబా మీద, కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు ఉధృతమయ్యాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దుకాణాలకు మత్తు పొడి అందడం ఒక్కసారిగా ఆగింది. పలుచోట్ల కల్లు దొరుకుతూనే ఉంది, అందులో పొడి మాత్రం లేదు. రెండు మూడు రోజులు తిరగకముందే ప్రభుత్వ ఆస్పత్రులకు జనం వరస కట్టారు. కొందరికి ఫిట్స్. కొందరు లేని మనుషులతో మాట్లాడుతున్నారు, గోడ మీద లేని పురుగుల్ని దులుపుతున్నారు. చాలామందికి రాత్రుళ్లు నిద్ర లేదు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. చావులూ జరిగాయి. వింతగా ప్రవర్తిస్తున్నారని వార్తలొచ్చాయి గానీ వైద్యపరంగా అందులో వింతేమీ లేదు. ఏళ్ల తరబడి మెదడుకు అలవాటైన మందును ఒక్క రోజులో లాగేస్తే జరిగేది అదే.

అల్ప్రాజోలం, డయాజిపాం ఒకే కుటుంబం మందులు. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని ఇవి పెంచుతాయి. ఆల్కహాల్ చేసే పనీ దాదాపు అదే. రోజూ రెండూ కలిసి పడుతుంటే మెదడు తనంతట తాను నెమ్మదించడం తగ్గించుకుంటుంది. అవి రెండూ ఒకేసారి మాయమైతే అదుపు తప్పి ఉద్రేకపడుతుంది. ఏ లక్షణం ఎప్పుడొస్తుందన్నది కల్లులో కలిపిన పొడిని బట్టి ఉంటుంది. సగం మందు ఒంట్లోంచి పోవడానికి అల్ప్రాజోలానికి సుమారు 11 గంటలు పడుతుంది. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, ఫిట్స్ మొదలవుతాయి. డయాజిపాంకు 20 నుంచి 50 గంటలు పడుతుంది, అది శరీరంలో మారి ఏర్పడే పదార్థం ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. కాబట్టి దాని లక్షణాలు వారం తర్వాత కూడా బయటపడొచ్చు. మద్యం ఒక్కటే మానినవాళ్లకు ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లో, తీవ్రమైన మతిభ్రమ రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తాయి. కల్తీ కల్లు తాగినవారిలో ఈ లెక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. తాగినవాడికి తన సీసాలో ఏ పొడి ఉందో తెలియదు, కేసు చూసే డాక్టరుకూ తెలియదు.

ఈ పొడి కల్లులోకి ఎందుకొచ్చిందో చూస్తే ఈ వ్యవహారం ఇంత మొండిగా ఎందుకు మారిందో అర్థమవుతుంది. చెట్టు కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతం. తాటికి ఒక కాలం, ఈతకు ఒక కాలం. దించిన కొన్ని గంటలకే పులుపెక్కుతుంది. పట్టణంలో దుకాణానికి ఏడాది పొడవునా, ప్రతి సాయంత్రం, ఒకే స్థాయి మత్తు కావాలి. అంత సరుకు చుట్టుపక్కల చెట్లు ఇవ్వలేవు. కొత్తగా నాటిన తాడి గీతకు రావాలంటే పన్నెండు పదిహేనేళ్లు ఆగాలి. ఆ లోటును నీళ్లతో, తీపికి సాక్రిన్‌తో, మత్తుకు పొడితో పూడ్చారు.

మొదట్లో ఎక్కువగా వాడింది క్లోరల్ హైడ్రేట్ అనే పాతకాలపు నిద్ర మందు, తర్వాత డయాజిపాం, ఇప్పుడు అల్ప్రాజోలం. ఈ మార్పుకు కారణం తూకంలో ఉంది. క్లోరల్ హైడ్రేట్‌తో నిద్ర రావాలంటే 500 మిల్లీగ్రాములు, ఒక్కోసారి గ్రాము కావాలి. అల్ప్రాజోలం మాత్రలు పావు, అర మిల్లీగ్రామువి. అంటే మనిషికి కావలసిన బరువు వెయ్యో వంతుకు పడిపోయింది. మునుపు బస్తాలో వెళ్లాల్సినది ఇప్పుడు జేబులో పొట్లంగా వెళుతుంది. మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో అల్ప్రాజోలానికి 'వాణిజ్య పరిమాణం', అంటే దాటితే వ్యాపారంగా చూసే మోతాదు, 100 గ్రాములు. అర మిల్లీగ్రాము లెక్కన అది 2 లక్షల మాత్రలకు సమానం. దాడుల్లో ఎంత పట్టుబడినా ఇంకెక్కడో నిల్వ ఉండే వీలు అందుకే.

అల్ప్రాజోలానికి మరో చెడ్డ గుణం ఉంది. అది నీళ్లలో దాదాపు కరగదు. డ్రమ్ములో కలిపితే సమంగా పరచుకోకుండా అడుగుకు చేరే అవకాశం ఎక్కువ. పైనుంచి పోసిన సీసాలో తక్కువ, చివర్లో పోసిన సీసాలో ఎక్కువ. నిన్న మూడు సీసాలు తట్టుకున్న మనిషి ఈ రోజు అదే దుకాణంలో అవే మూడు సీసాలకు స్పృహ తప్పవచ్చు. ఆల్కహాల్ మీద ఈ మందు ఎక్కువైతే మొదట దెబ్బ తగిలేది శ్వాసకు. అలాంటి కేసులో ఈ మందుకు విరుగుడైన ఫ్లుమజెనిల్ ఇవ్వడం కూడా ప్రమాదమే. అలవాటు పడ్డ మనిషికి అది ఇస్తే అక్కడికక్కడే ఫిట్స్ రావచ్చు. శ్వాసను కాపాడుతూ కనిపెట్టుకుని ఉండటమే ప్రధానమైన వైద్యం.

2015లో కొరవడింది ఇలాంటి వైద్యానికి ముందే సిద్ధపడటం. దాడికి తేదీ వేసినవాళ్లు ఆస్పత్రికి కబురు పెట్టలేదు. పడకలు, మందులు, మానసిక వైద్యుడు ముందు సిద్ధమై, ఆ తర్వాత సరఫరా ఆగాల్సింది. జరిగింది తలకిందులుగా. ఆస్పత్రికి వచ్చినవాళ్లకు కూడా చాలాచోట్ల మద్యం కేసులకు వాడే పద్ధతే దొరికింది: మొదటి రోజు డయాజిపాం ఎక్కువ మోతాదు, రోజూ కొంత తగ్గిస్తూ ఏడు నుంచి పది రోజుల్లో ఆపేయడం, ఇంటికి పంపడం. మద్యం ఒక్కటే అలవాటైతే ఇది సరైన పద్ధతి. ఏళ్లుగా అల్ప్రాజోలం పడుతున్న శరీరానికి ఇది చాలదు. పదో రోజు బాగానే కనబడిన మనిషికి మూడో వారంలో నిద్ర పట్టదు, గుండె దడ, కారణం లేని భయం వస్తాయి. ఆ రాత్రి అతనికి తెలిసిన మందు ఒక్కటే, అది దుకాణంలో ఉంది. దీన్ని బలహీనత అనడం అన్యాయం. ఆ మూడో వారానికి మందు రాసి పంపకపోవడం వైద్యంలో లోపం.

సరైన దారి ఇంతకన్నా నెమ్మది. మొదట రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, చివరి సీసా ఎప్పుడు అన్నవి అడగాలి. తాగుడు ఎక్కువై తిండి తగ్గినవారికి గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇవ్వాలి. లేకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. వణుకు అదుపులోకి వచ్చేంత డయాజిపాం మీద నిలిపి, ఆ తర్వాత వారానికో రెండు వారాలకో పదోవంతు చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. కాలేయం దెబ్బతిన్నవారికి అదే కుటుంబంలోని లొరాజిపాం మేలు. ఒకసారికి వారం మందే ఇచ్చి, ఇంట్లో ఒకరి చేతిలో పెట్టాలి. తాగుడు మాన్పించే మందు డైసల్ఫిరామ్‌ను తెలియకుండా అన్నంలో కలిపే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మందు మీద మద్యం పడితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా డయాజిపాం ఒంట్లోంచి పోకుండా అది అడ్డుపడుతుంది. మూత్ర పరీక్ష కిట్ మీద పూర్తిగా ఆధారపడటం మరో పొరపాటు. డయాజిపాం కుటుంబానికి చేసిన కిట్‌లో క్లోరల్ హైడ్రేట్ కనబడదు. కిట్ ఏమీ లేదని చూపినా చేతులు వణుకుతుంటే చేతులనే నమ్మాలి.

2015 పాఠం నేర్చుకుని ఉంటే 2020 మార్చి అలా ఉండేది కాదు. లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు ఒక్క రోజులో మూతబడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఔట్‌పేషెంట్ విభాగం కిక్కిరిసింది. జిల్లాల నుంచి ఎర్రగడ్డకు రావడానికి బస్సులు లేవు. జిల్లాల్లోనే చూపించుకుందామంటే మళ్లీ అదే కొరత. డయాజిపాం, అల్ప్రాజోలం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన హెచ్1 షెడ్యూల్ మందులు కావడంతో మందుల దుకాణం ప్రతి అమ్మకాన్నీ విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. నియమం మంచిదే. కానీ చీటీ రాసే డాక్టరు ఊళ్లో లేకపోతే రోగికి సరైన దారి మూసుకుపోతుంది, దొంగదారి మాత్రం తెరిచే ఉంటుంది.

ఎక్సైజ్ శాఖ వాదన సూటిగా ఉంటుంది: పొడి ఆపకపోతే చావులు ఆగవు, కాబట్టి కేసులు, లైసెన్సు రద్దు, తయారీ కేంద్రాల మీద దాడులు. అది నిజమే, ఆ పని జరగాల్సిందే. గీత కార్మిక సంఘాలు మరో మాట అంటాయి. చెట్టెక్కేవాడు వేరు, గీత కార్మికుల సహకార సొసైటీ పేరుతో దుకాణం నడిపేవాడు వేరు అని. మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కే మనిషికి పొడి కొనే పెట్టుబడీ ఉండదు, డ్రమ్ముల్లో కలిపే అవసరమూ ఉండదు. దాడి జరిగితే మాత్రం అతని కల్లు లొట్టి (కుండ) కూడా నేలపాలవుతుంది. ఈ ఫిర్యాదులో బలముంది. మొత్తం దుకాణాలు మూసేయాలన్న డిమాండ్ దీన్ని పట్టించుకోదు. 2015లోనూ 2020లోనూ సరఫరా ఆగిన మూడో రోజు ఏమైందో కూడా పట్టించుకోదు.

చట్టం అనుమతించేదాన్ని కూడా పూర్తిగా వాడుకోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోకి తెచ్చింది. ప్రభుత్వ వైద్యం అందుకోవడం దాని ప్రకారం హక్కు. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకు వెళుతుంది. వాడకం కేసులోనో, స్వల్ప పరిమాణం కేసులోనో ఉన్న బానిస తానంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది, చికిత్స పూర్తి చేస్తేనే అది నిలుస్తుంది. పోలీసు కేసవుతుందని భయపడి ఫిట్స్ వచ్చిన మనిషిని ఇంట్లోనే మంచానికి కట్టేస్తున్న కుటుంబాలకు ఈ సంగతి చేరలేదు. ఊళ్లో డాక్టరు లేని చోట మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉచితంగా పనిచేస్తాయి. అయితే ఫిట్స్, మతి తప్పడం, శ్వాస మందగించడం కనబడితే ఫోన్ దగ్గర ఆగకుండా 108కే చేయాలి.

ఇప్పుడు సాగుతున్న దాడుల్లో అడగాల్సింది దుకాణాలు ఎన్ని మూశారని మాత్రమే కాదు. ఏ పట్టణంలో పొడి ఆగబోతోందో జిల్లా వైద్యాధికారికి వారం ముందు తెలిసిందా? పట్టుబడిన కల్లులో ఏ మందు ఉందో ల్యాబ్ నివేదిక కోర్టుకే కాకుండా అదే రోజు ఆస్పత్రికీ వెళ్లిందా? ఏరియా ఆస్పత్రి ఫార్మసీలో డయాజిపాం, లొరాజిపాం, థయమిన్ నిల్వ పది రోజులకుందా, మూడు నెలలకుందా? మొదటి వారం తర్వాత తిరిగి రాని రోగి ఇంటికి ఆశా కార్యకర్తను పంపే ఏర్పాటు ఉందా? ఈ నాలుగింటికీ జవాబులు జిల్లా స్థాయిలోనే దొరకాలి, దాడి మొదలవడానికి ముందే దొరకాలి.