కుందేలు తిండి మానేసినప్పుడు: జీర్ణ సమస్యలపై అపోహలు - వాస్తవాలు

కుందేళ్లకు వైద్యం చేసేవారి దగ్గరికి అత్యవసరంగా వచ్చే కేసుల్లో తరచుగా కనిపించేది తిండి మానేసి, పెంటికలు వేయడం ఆపేసి, ఒక మూల ముడుచుకుని కూర్చున్న కుందేలే. ఈ స్థితిని జి.ఐ. స్టేసిస్ అంటాము. కడుపు, పేగుల కదలిక మందగించడం లేదా దాదాపుగా నిలిచిపోవడం దీని లక్షణం. సమయానికి చికిత్స అందితే కోలుకునే అవకాశం బాగా ఉన్న ఈ స్థితిలో, ఎవరో చెప్పిన చిట్కాను నమ్మి ఇంట్లోనే గడిపేసిన గంటలు ప్రాణం మీదికి తెస్తాయి. పెంపకందారుల నుంచి నేను ఎక్కువగా వినే నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఒక రోజు తినకపోతే ఏమీ కాదు, కడుపుకు విశ్రాంతి దొరికితే అదే సర్దుకుంటుంది.

వీటన్నిటిలో అత్యంత ప్రమాదకరమైన నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. మనుషుల విషయంలో లంఖణం పరమౌషధం అనే మాట ఎంతవరకు చెల్లుతుందో గానీ, కుందేలు విషయంలో అది బొత్తిగా చెల్లదు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు కడుపు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. పీచు నిరంతరం లోపలికి వస్తూ ఉంటేనే దాని పేగులు కదులుతాయి. పీచు రావడం ఆగితే కదలిక తగ్గుతుంది, కడుపులో ఉన్న ఆహారం నీటిని కోల్పోయి గట్టిపడుతుంది, అంధనాళంలో (చిన్న పేగు, పెద్ద పేగు కలిసే చోట ఉండే పెద్ద సంచి లాంటి భాగం) ఉండే మేలు చేసే సూక్ష్మజీవుల సమతుల్యం చెడి వాయువు చేరుతుంది. ఆ వాయువు పేగులను సాగదీయడం వల్ల నొప్పి పుడుతుంది, నొప్పి వల్ల కుందేలు మరింతగా తిండి మానేస్తుంది. మరోవైపు శక్తి కోసం శరీరం కొవ్వును కరిగించడం మొదలుపెట్టగానే ఆ కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది. బాగా లావుగా ఉన్న కుందేళ్లలో ఈ ముప్పు మరింత త్వరగా వస్తుంది.

కుందేలుకు వాంతి చేసుకునే శక్తి ఉండదు. అందువల్ల శస్త్రచికిత్సకు ముందు కుక్కలను, పిల్లులను ఖాళీ కడుపుతో ఉంచినట్టు కుందేలును ఉంచము. పది పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పొట్ట బిగుసుకుని ఉబ్బినా, చెవులు చల్లబడినా, కుందేలు వాలిపోయి పడుకున్నా ఒక్క గంట కూడా ఆగకూడదు.

అపోహ: నిజంగా నొప్పి ఉంటే అరుస్తుంది కదా, ఇది నిశ్శబ్దంగానే ఉంది.

వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణి తన బలహీనతను దాచుకుంటుంది. నొప్పిలో ఉన్న కుందేలు కళ్లు సగం మూసుకుని కూర్చుంటుంది, పళ్లు గట్టిగా నూరుతుంది, పొట్టను నేలకు ఆనించి ఒత్తుతూ మాటిమాటికీ చోటు మారుస్తుంది. వీటికంటే ముందే పెంటికల్లో తేడా కనిపిస్తుంది. గుండ్రంగా, దాదాపు ఒకే పరిమాణంలో, విరిచి చూస్తే లోపల పొడి పీచు కనిపించేలా ఉండాల్సిన పెంటికలు చిన్నవై, వంకరపోయి, నల్లబడి, సంఖ్యలో తగ్గిపోతాయి. అందుకే రోజూ గూడు శుభ్రం చేసేటప్పుడు వాటిని ఒకసారి గమనించి పారేయమని ప్రతి పెంపకందారుకూ చెబుతాను. ఇంత ముందుగా హెచ్చరించే పరీక్ష ఇంట్లో మరొకటి లేదు.

అపోహ: స్టేసిస్ ఒక జబ్బు, పేగులను కదిలించే మందు వేస్తే నయమవుతుంది.

చాలా సందర్భాల్లో స్టేసిస్ మరో సమస్యకు ఫలితం. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. దవడ పళ్లు సరిగా అరగకపోతే వాటి అంచుల్లో మొనలు తేలి నాలుకను, బుగ్గను కోస్తాయి. అలాంటి కుందేలు ఆకలితో తిండి దగ్గరికి వస్తుంది, నోట పెట్టుకుంటుంది, వెంటనే వదిలేస్తుంది. మూత్రాశయంలో రాళ్లు, కీళ్లనొప్పి, గర్భాశయ వ్యాధులు, కాలేయంలో ఒక భాగం మెలితిరగడం, ఎండవేడి, ఇల్లు మారడం, జోడీ కుందేలు చనిపోవడం, తగినంత నీరు తాగకపోవడం, తిండిలో పీచు తక్కువ కావడం వంటి వాటిలో ఏదైనా దీనికి మూలం కావచ్చు. మూలాన్ని వెతకకుండా పేగులను మాత్రమే కదిలించాలని చూస్తే కొద్ది రోజుల్లోనే అదే కుందేలు మళ్లీ తిండి మానేస్తుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పేగుకు ఎక్కడో అడ్డు పడి కడుపు ఉబ్బిపోయిన కుందేలు కూడా తిండి మానేస్తుంది, కానీ దానికి చేయాల్సిన చికిత్స వేరు. అడ్డు ఉన్నప్పుడు పేగులను బలవంతంగా కదిలించే మందు వేస్తే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల పొట్టను చేత్తో తడిమి చూస్తాము, స్టెతస్కోపుతో పేగుల చప్పుడు వింటాము, ఎక్స్‌రే తీస్తాము. శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అది 38 కంటే కిందికి పడితే పరిస్థితి విషమంగా ఉన్నట్టే లెక్క. రక్తంలో గ్లూకోజ్ కూడా మంచి సూచన ఇస్తుంది. భయం వల్ల అది కొంత పెరగడం మామూలే గానీ, డెసిలీటరుకు 360 మిల్లీగ్రాములు దాటితే అడ్డు ఉందేమోనని గట్టిగా అనుమానిస్తాము. చికిత్సలో నొప్పి తగ్గించడానికి, ఒంట్లో నీటి కొరత తీర్చడానికి, శరీరాన్ని వెచ్చగా ఉంచడానికి ముందు చోటు దక్కుతుంది. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ఇవ్వకూడదు.

అపోహ: కడుపులో వెంట్రుకల ఉండ చేరింది, అనాస రసమో బొప్పాయో ఇస్తే కరిగిపోతుంది.

కుందేలు రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి దాని కడుపులో వెంట్రుకలు ఉండడం సహజం. పేగులు చక్కగా కదులుతున్నంత కాలం అవి ఆహారంతో కలిసి పెంటికల్లో బయటికి పోతాయి. స్టేసిస్ వచ్చిన కుందేలు పొట్టను తడిమినప్పుడు చేతికి తగిలేది, వేలితో నొక్కితే గుంట పడే పిండి ముద్ద లాంటి పదార్థం. అది నీరు ఇంకిపోయిన ఆహారం, అందులో చిక్కుకున్న వెంట్రుకలు. కదలిక ఆగినందువల్లే అది ముద్ద కట్టింది గానీ, ఆ ముద్ద వల్ల కదలిక ఆగలేదు. అనాస, బొప్పాయిల్లోని ఎంజైములు వెంట్రుకల్లో ఉండే కెరాటిన్‌ను కరిగించలేవు. పైగా వాటి తీపి అంధనాళంలో చెడ్డ సూక్ష్మజీవులు పెరగడానికి తోడ్పడుతుంది. ముద్దను మెత్తబరిచేది నీరే. అందుకే అవసరాన్ని బట్టి చర్మం కిందికో, రక్తనాళంలోకో సెలైన్ ఎక్కిస్తాము. గట్టిగా నొక్కుకుపోయిన చిన్న వెంట్రుకల ఉండ చిన్న పేగులో ఇరుక్కోవడం కూడా జరుగుతుంది. అప్పుడు కుందేలు ఉన్నట్టుండి కుప్పకూలుతుంది, శస్త్రచికిత్స కూడా అవసరం కావచ్చు. బొచ్చు రాలే కాలంలో రోజూ దువ్వడం మాత్రం నిజంగా మేలు చేస్తుంది.

అపోహ: తినడం లేదు కాబట్టి సిరంజితో వీలైనంత పట్టించాలి.

పేగులో అడ్డు లేదని తేలాక, కుందేలు ఒళ్లు వెచ్చబడ్డాక సిరంజితో తినిపించడం చికిత్సలో ముఖ్యభాగం. అంతకు ముందు మాత్రం అది హానికరం. ఉబ్బిన కడుపులోకి మరింత తిండి నెట్టినట్టవుతుంది. వైద్యుడు సరేనన్నాక, కోలుకునే కుందేళ్ల కోసం తయారుచేసిన పీచు పొడిని నీళ్లలో కలిపి, కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్ల చొప్పున నాలుగైదు విడతలుగా ఇవ్వవచ్చు. కుందేలును నేల మీదో, ఒళ్లోనో దాని కాళ్ల మీద అదే కూర్చునేలా తువ్వాలులో చుట్టి పట్టుకోవాలి. ముందరి పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉండే ఖాళీలోకి సిరంజి కొనను పక్కనుంచి పెట్టి, ఒక్కొక్కసారి ఒక మిల్లీలీటరుకు మించకుండా వదిలి, నమిలి మింగేదాకా ఆగాలి. వెల్లకిలా పట్టుకుని పట్టిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుందేలు విపరీతంగా పెనుగులాడితే కాసేపు వదిలిపెట్టి మళ్లీ ప్రయత్నించడం మంచిది.

అపోహ: మెత్తటి పెంటికలు కనిపిస్తే అది విరేచనమే.

అంధనాళంలో తయారై, గుత్తులుగా అంటుకుని, జిగురు పొరతో మెరుస్తూ బయటికి వచ్చేవి సీకోట్రోప్‌లు. బి విటమిన్లు, ప్రొటీను నిండుగా ఉండే వీటిని కుందేలు నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. అవి నేల మీద మిగిలిపోతున్నాయంటే దాణా ఎక్కువై పీచు తగ్గిందనో, ఒళ్లు బరువెక్కి వంగలేకపోతోందనో, వెన్నులోనో పళ్లలోనో నొప్పి ఉందనో అర్థం చేసుకోవాలి. తోకకింద బొచ్చుకు అంటుకుంటే శుభ్రం చేయడం ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే ఈగలు అక్కడ గుడ్లు పెడితే పురుగులు చర్మాన్ని తొలిచేస్తాయి. నీళ్లలా జారే అసలైన విరేచనం వేరు. పాలు మానే వయసు పిల్లల్లో కాక్సిడియా వంటి పరాన్నజీవుల వల్ల అది వచ్చినప్పుడు అతి త్వరగా ప్రాణం తీస్తుంది. మనుషుల విరేచనాల మాత్రతో దాన్ని ఆపాలని చూడకూడదు.

అపోహ: ఇంట్లో మిగిలిన యాంటిబయాటిక్ కొద్దిగా వేస్తే నష్టం లేదు.

అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ వంటివి నోటిద్వారా ఇస్తే అంధనాళంలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా విజృంభించి విషపదార్థాలను విడుదల చేస్తుంది. కుందేళ్లకు సురక్షితమైన యాంటిబయాటిక్‌లు వేరే ఉన్నాయి. వాటిని ఎంచుకోవడం వైద్యుడి పని. పెరుగు పెడితే పోయిన సూక్ష్మజీవులు తిరిగి వస్తాయని కూడా కొందరంటారు. ఎదిగిన కుందేలు ఆహారంలో పాల పదార్థాలకు చోటు లేదు.

అపోహ: క్యారెట్, దాణా కుందేలు ముఖ్యాహారం, గడ్డి పరుపు కోసం.

దీన్ని సరిదిద్దుకుంటే పైన చెప్పిన వాటిలో సగం నివారించవచ్చు. ఆహారంలో 80 శాతానికి పైగా ఎండుగడ్డి ఉండాలి, అది రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి. టిమోతి వంటి గడ్డిని పక్కలకు జరిపి నమలడం వల్లే దవడ పళ్లు అరుగుతాయి. పెల్లెట్ దాణా కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు సరిపోతుంది. అల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి) ఎదిగే పిల్లలకు మంచిదే గానీ, ఆరు నెలలు దాటాక అందులోని కాల్షియం, ప్రొటీను అవసరానికి మించిపోతాయి. క్యారెట్ అప్పుడప్పుడు చిన్న ముక్క ఇవ్వవచ్చు. ఏ మార్పు చేసినా ఒకటి రెండు వారాలు తీసుకుని నెమ్మదిగా చేయాలి. నీటిని సీసాలో కన్నా గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతాయి.

అపోహ: పెంటికలు పడ్డాయి, ఇక మందులు ఆపేయవచ్చు.

మొదట పడే పెంటికలు చిన్నగా, ఎండిపోయి, ఒక్కోసారి జిగురుతో ఉంటాయి. అవి కదలిక మొదలైందని మాత్రమే చెబుతాయి. కుందేలు తనంతట తానుగా గడ్డి తినేదాకా, వైద్యుడు చెప్పేదాకా నొప్పి మందును, సిరంజి ఆహారాన్ని కొనసాగించాలి. రోజూ ఒకే వేళకు బరువు తూచి రాసిపెట్టాలి. జోడీగా పెరిగే కుందేళ్లను ఈ సమయంలో విడదీయకుండా ఉంచితేనే మేలు. పెంటికలు ఎవరివో తేల్చుకోవడానికి కాసేపు వేరు చేయాల్సి వచ్చినా ఒకదానికొకటి కనిపించేలా ఉంచాలి. ఇదే సమస్య మళ్లీ మళ్లీ వస్తుంటే, మెలకువలో ఉన్న కుందేలు నోట్లో దవడ పళ్లు పూర్తిగా కనిపించవు కాబట్టి, మత్తు ఇచ్చి నోటిని పరీక్షించి తల ఎక్స్‌రే తీయించమని వైద్యుణ్ణి అడగాలి.