ఈల దొరికింది, పిట్ట దొరకలేదు

“సార్, ఎడమ పక్క.”
“కాదమ్మా, కుడి పక్క.”

అనంతగిరి కాఫీ తోటల దిగువన, వాగు గట్టు మీద ఉదయం ఏడింటి నుంచీ ఇదే తగువు. అబ్బాట్ బాబ్లర్ అనే పిట్టను చూపిస్తానని నా పాత విద్యార్థిని నన్ను చీకటితోనే విశాఖ నుంచి బయల్దేరదీసింది. ఈల పది అడుగుల దూరంలో మోగుతోంది. పిట్ట జాడ లేదు.

ఇది నిజానికి ఉత్తరాది అడవుల పిట్ట. తూర్పు హిమాలయాల పాదాల నుంచి అస్సాం మీదుగా ఆగ్నేయాసియా దాకా దాని కాపురం. ఆ బంధువుల నుంచి తెగిపోయిన ఒక గుంపు మన తూర్పు కనుమల తడి లోయల్లో ఉంది. 1985లో పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్ దాన్ని వేరే ఉపజాతిగా గుర్తించి, విశాఖ పక్షి పరిశీలకుడు కృష్ణరాజు పేరిట ‘కృష్ణరాజుయి’ అని పిలిచారు. ఎలా తెగిపోయిందన్నది మరో రోజు చెబుతాను. ఆ పూట నన్ను పట్టుకున్నది ఈల.

మన చెవుల మధ్య దూరం జానెడు లోపే. పక్కనుంచి వచ్చిన చప్పుడు అవతలి చెవికి సుమారు 0.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త ఆలస్యాన్ని కొలిచే మెదడు దిక్కు చెబుతుంది. 500 హెర్ట్‌జ్ స్వరానికి, అంటే సెకనుకు 500 కంపనాల స్వరానికి, అల పొడవు 68 సెంటీమీటర్లు. అల తాలూకు ఏ శిఖరం ముందు తగిలిందో తికమక ఉండదు. 2500 హెర్ట్‌జ్ వద్ద అది 14 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది, తల వెడల్పు కన్నా తక్కువ. కుడి చెవికి తగిలిన శిఖరం ఎడమ చెవికి తగిలినదేనా, దాని వెనకదా? తేల్చడం కష్టం. శ్రుతి ఇంకా పెరిగితే తల అడ్డుపడి అవతలి చెవికి చప్పుడు బాగా తగ్గుతుంది, మెదడు ఆ తేడాను పట్టుకుంటుంది. నడిమి పట్టీలో మాత్రం ఆలస్యమూ అక్కరకు రాదు, తల నీడా పలచనే. 1936లో హార్వర్డ్‌లో మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు స్టీవెన్స్, న్యూమన్ మేడ మీద ఎత్తయిన కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి పరీక్షిస్తే, 3000 హెర్ట్‌జ్ దగ్గరే ఎక్కువ పొరపాట్లు పడ్డాయి. పొదల్లో ఈల వేసే పిట్టలు చాలా ఈ శ్రుతి చుట్టుపక్కలే పాడతాయి.

ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద తరంగాలు గీశాను; తల వెడల్పుతో ఒక్క లెక్క ఇచ్చిన పాపాన పోలేదు. రాత్రి ఈల వేస్తే పాములొస్తాయని మా నాయనమ్మ అదిలించేది. చీకట్లో ఎటునుంచో తెలియని ఈల ఎవరినైనా భయపెడుతుంది కదా, ఆ మాట అందులోంచే పుట్టిందేమో.

తొమ్మిదయింది. ఈల ఆగింది. వెనక ఎండుటాకు చిటుక్కుమంది. ఇద్దరమూ ఒకేసారి ఒకే వైపు తిరిగాం. ఆకు చప్పుడులో అన్ని శ్రుతులూ కలిసి ఉంటాయి, మొదలు కత్తివాదరలా ఉంటుంది, కాబట్టి మెదడుకు ఇబ్బంది లేదు. గోధుమరంగు వీపు, తోక కింద తుప్పురంగు, రెండు క్షణాలు.

“కుడి పక్కే సార్,” అంది.
అది ఎడమ పక్క.