గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకోవాలనుకున్న రోజులు

గవర్నర్ పదవికి ఎన్నిక జరగాలని మన రాజ్యాంగ పరిషత్తు ఒకప్పుడు నిర్ణయించింది. 1947 జూలైలో సర్దార్ పటేల్ అధ్యక్షతన ఉన్న సంఘం ఆ సిఫార్సును సభ ముందు పెట్టింది. వయోజనులందరూ నేరుగా ఓటు వేసి తమ గవర్నర్‌ను ఎన్నుకోవాలన్నది దాని సారం. సభ ఒప్పుకుంది. గవర్నర్ల దగ్గర ఆగిపోయిన బిల్లుల ఆమోదం కోసం రాష్ట్ర ప్రభుత్వాలు సుప్రీంకోర్టు మెట్లెక్కుతున్న ఈ కాలంలో ఆ నిర్ణయం ఎలా వచ్చిందో, ఎలా పోయిందో తెలుసుకోవాలి.

అలా కోరుకోవడానికి బలమైన అనుభవమే ఉంది. 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాక, బ్రిటిష్ వారి 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 93వ సెక్షన్ కింద మద్రాసు రాష్ట్రం 1946 దాకా గవర్నర్ చేతుల్లోనే ఉంది. పైనుంచి వచ్చిన మనిషి ఏం చేయగలడో ఆ సభలోని వారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

1948 ఫిబ్రవరి ముసాయిదాలో రెండు దారులు చూపారు. ఒకటి నేరుగా ఎన్నిక. రెండోది, శాసనసభ్యులు నలుగురి పేర్లు ఎన్నుకుని పంపితే అందులో ఒకరిని రాష్ట్రపతి నియమించడం. అంతేకాదు, తప్పు చేసిన గవర్నర్‌ను అభిశంసనతో తొలగించే ఏర్పాటు కూడా ఆ ముసాయిదాలో ఉంది.

1949 మే 30, 31 తేదీల్లో ఇదంతా మారిపోయింది. అప్పటికి దేశ విభజన గాయాలు మానలేదు, సంస్థానాల విలీనం ఇంకా కొలిక్కి వస్తోంది. ఎన్నికైన గవర్నర్ వేర్పాటు ధోరణికి ఊతమిస్తాడని నెహ్రూ భయపడ్డారు. ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రికీ, ప్రజలే ఎన్నుకున్న గవర్నర్‌కూ పొసగదని మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి వారు వాదించారు. అలంకారప్రాయమైన పదవికి అంత ఖర్చుతో ఎన్నికలెందుకని అంబేడ్కర్ అడిగారు. ఈ వాదనల్లో బలం లేదనను. అయితే కేంద్రంలో ఒక పార్టీ, రాష్ట్రంలో మరో పార్టీ ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నా ఆ సభలోనే వినిపించింది. దానికి తగిన జవాబు ఇవ్వకుండానే నియామక పద్ధతిని ఖాయం చేశారు.

నా దృష్టిలో అసలు నష్టం ఎన్నిక పోవడం కాదు. ఎన్నికతో పాటు అభిశంసన కూడా పోయింది. దాని స్థానంలో, రాష్ట్రపతికి ఇష్టమున్నంత కాలమే గవర్నర్ కొనసాగుతారన్న 156వ అధికరణం మిగిలింది. రాష్ట్రపతి ఇష్టం అంటే ఆచరణలో కేంద్ర మంత్రివర్గం ఇష్టమే. ఎవరు తీసేయగలరో వారి మాటే చెల్లుతుంది.

ఫలితం వెంటనే కనిపించింది. 1952లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. ప్రతిపక్షాల కూటమికి టంగుటూరి ప్రకాశం నాయకుడు. అయినా గవర్నర్ శ్రీప్రకాశ ఎన్నికల్లో పోటీ చేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. 1959లో కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని రద్దు చేసినప్పుడు అక్కడి గవర్నర్ మన బూర్గుల రామకృష్ణారావు. మర్యాదస్థుడిగా పేరున్నవారికి కూడా ఆ కుర్చీ అలాంటి పనులే అప్పగించింది.

1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్, గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన ఎన్.టి.రామారావును పదవి నుంచి తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. మెజారిటీ తనదేనని రామారావు శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి చూపించాల్సి వచ్చింది. జనం వీధుల్లోకి వచ్చారు. రాంలాల్ వెళ్లిపోయారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సరిగ్గా నెలకు సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలం తేల్చాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనేనని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పడానికి పదవి పోయిన కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మై కేసులో తీర్పు వచ్చిన 1994 దాకా ఆగాల్సి వచ్చింది.

దాంతో తగాదా బిల్లుల మీదికి మళ్లింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ బిల్లుల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బిల్లులపై గవర్నర్ ఏం చేయాలో చెప్పే 200వ అధికరణంలోని ‘వీలైనంత త్వరగా’ అన్న మాటకు ప్రాముఖ్యం ఉందని కోర్టు గుర్తు చేసింది. ఆ మాటను రోజుల్లో లెక్కగట్టి గడువు విధించలేమని 2025 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం చెప్పింది.