వియత్నాం యుద్ధం: అపోహలు – వాస్తవాలు

డిగ్రీ కళాశాలలో ఆధునిక ప్రపంచ చరిత్ర బోధించేటప్పుడు ఫ్రెంచి విప్లవం గురించి ఏం చెప్పినా విద్యార్థులు మౌనంగా రాసుకుంటారు. వియత్నాం యుద్ధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతివారూ ఏదో ఒక గట్టి అభిప్రాయంతో సిద్ధంగా ఉంటారు. అడవిలో పొంచి ఉన్న రైతులు వెదురు ముళ్ల గుంటలతో అగ్రరాజ్యాన్ని ఓడించారని కొందరంటారు. పత్రికలూ టీవీలూ అడ్డుపడకపోతే అమెరికా గెలిచి ఉండేదని మరికొందరు వాదిస్తారు. ఈ రెండు వాదాలూ పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటిలో ఉన్న లోపం ఒక్కటే. ఉత్తర వియత్నాం రాజధాని హనోయిలోని కమ్యూనిస్టు నాయకత్వం గెరిల్లా దళాలనూ రెగ్యులర్ సైన్యాన్నీ ఒకే ప్రణాళికలో భాగంగా నడిపింది. అమెరికా, దక్షిణ వియత్నాం, వాటి మిత్రదేశాల కూటమి ఆ రెండింటినీ ఒకే కాలంలో, చాలాసార్లు ఒకే పటాలంతో ఎదుర్కోవలసి వచ్చింది. ఈ సంగతి మరిచిపోవడం వల్ల పుట్టిన అపోహలే చాలా ఉన్నాయి.

అపోహ: ఇది అమెరికాకూ వియత్నాంకూ మధ్య జరిగిన యుద్ధం.

1954 నాటి జెనీవా ఒప్పందం 17వ అక్షాంశం దగ్గర దేశాన్ని తాత్కాలికంగా కమ్యూనిస్టు ఉత్తరంగా, కమ్యూనిస్టు వ్యతిరేక దక్షిణంగా విభజించింది. 1956లో జరగవలసిన ఎన్నికలు జరగలేదు. ఆ తరువాత సాగిన యుద్ధంలో కమ్యూనిస్టు వ్యతిరేక కూటమిలో అన్నిటికన్నా పెద్ద సైన్యం దక్షిణ వియత్నాంది. ప్రాంతీయ రక్షక దళాలను కలుపుకుంటే అది అమెరికా సేనలకంటే ఎప్పుడూ పెద్దదే. 1969 ఏప్రిల్‌లో 5 లక్షల 43 వేలకు చేరిన అమెరికా సేనల్లో యుద్ధం ముగిసేనాటికి మరణించినవారు 58 వేలకు పైగా ఉంటే, దక్షిణ వియత్నాం సైనికుల్లో మరణించినవారి సంఖ్య 2 లక్షలు దాటింది.

మిగిలిన మిత్రులు కూడా నామమాత్రంగా వచ్చినవారు కారు. 1964లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మరిన్ని దేశాల జెండాలు వియత్నాంలో ఎగరాలని పిలుపునిచ్చిన తరువాత దక్షిణ కొరియా మొత్తం మీద 3 లక్షలకు పైగా సైనికులను విడతలవారీగా పంపింది. వారి టైగర్, వైట్ హార్స్ డివిజన్లు, బ్లూ డ్రాగన్ మెరైన్ బ్రిగేడ్ మధ్య కోస్తా ప్రాంతాన్ని కాపలా కాశాయి. ఇందుకు ప్రతిఫలంగా కొరియాకు అమెరికా ధనం, ఆధునిక ఆయుధాలు, కొరియన్ కంపెనీలకు కాంట్రాక్టులు లభించాయి. ఆస్ట్రేలియా నుంచి సుమారు 60 వేలమంది వచ్చారు. థాయిలాండ్, న్యూజిలాండ్, ఫిలిప్పీన్స్ కూడా తమ శక్తి మేరకు దళాలను పంపాయి. ఎంత అడిగినా బ్రిటన్ మాత్రం పోరాడే దళాలను పంపలేదు.

అయితే ఈ కూటమికి 1950ల కొరియా యుద్ధంలో ఉన్నట్టు ఉమ్మడి సైన్యాధిపత్యం లేదు. దక్షిణ వియత్నాం సైన్యం తన జనరళ్ల మాట వింటే, కొరియన్లు తమ జనరళ్ల మాట విన్నారు. విదేశీయుల చేతికి తమ సైన్యాన్ని అప్పగిస్తే దక్షిణ రాజధాని సైగాన్‌లోని ప్రభుత్వం కీలుబొమ్మ అన్న ప్రచారానికి బలం చేకూరుతుందన్న భయం అందుకు ముఖ్య కారణం. నా దృష్టిలో ఆ భయం న్యాయమైనదే, కానీ దాని ఖరీదు యుద్ధమంతా కనిపిస్తూనే ఉంది.

అపోహ: ఎదుటివారు పగలు పొలం దున్ని, రాత్రి తుపాకీ పట్టే పల్లెజనం మాత్రమే.

వియత్‌కాంగ్ అని మనం ఒకే పేరుతో పిలిచే దక్షిణాది కమ్యూనిస్టు బలగంలో మూడు అంచెలు ఉన్నాయి. ఊరి కాపలా చూసుకుంటూ, మందుపాతరలు పెడుతూ, ధాన్యం పోగుచేసే గ్రామ గెరిల్లాలు మొదటి అంచె. జిల్లా, రాష్ట్ర స్థాయిలో తిరిగే ప్రాంతీయ బెటాలియన్లు రెండోది. యూనిఫాం, భారీ మోర్టార్లు, స్టాఫ్ అధికారులు అన్నీ ఉన్న ప్రధాన దళ రెజిమెంట్లు, డివిజన్లు మూడోది. వీటికి తోడు 1964 చివరి నుంచి ఉత్తర వియత్నాం రెగ్యులర్ రెజిమెంట్లు లావోస్ మీదుగా దిగసాగాయి. 1965 నవంబరులో ఇయా డ్రాంగ్ లోయలో అమెరికా ఫస్ట్ కావల్రీ డివిజన్ తలపడింది ఈ ఉత్తరాది రెజిమెంట్లతోనే. అందులో ఒక్క ఆల్బనీ అనే హెలికాప్టర్లు దిగే చోటి దగ్గర జరిగిన పోరులోనే ఒక్క రోజులో 150 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు.

ఈ అంచెలు ఎలా కలిసి పనిచేసేవో చెప్పడానికి నేను ఎప్పుడూ లాంగ్ టాన్ పోరునే ఎంచుకుంటాను. ఫూక్ తుయ్ రాష్ట్రంలో నుయ్ దాత్ గుట్ట చుట్టూ ఆస్ట్రేలియన్లు 1966లో స్థావరం కట్టుకున్నారు. ఆగస్టు 17 తెల్లవారక ముందే దాని మీద మోర్టార్ గుండ్లు పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం స్థావరంలో సైనికుల కోసం స్వదేశం నుంచి వచ్చిన గాయకుల కచేరీ మొదలవుతుండగా, కాల్పులు జరిపినవారి జాడ వెతుకుతూ 6వ బెటాలియన్ డి కంపెనీకి చెందిన 108 మంది తూర్పున ఉన్న రబ్బరు తోటలోకి అడుగుపెట్టారు. అందులో ముగ్గురు న్యూజిలాండ్ ఫిరంగి దళ పరిశీలకులు. తోటలో వారికి ఎదురైంది ప్రధాన దళానికి చెందిన 275వ రెజిమెంటు, దానికి తోడుగా ఆ ప్రాంతపు ఊళ్లలోనే పుట్టి పెరిగిన స్థానిక బెటాలియన్ డి445. అంటే రెజిమెంటు బలాన్ని తెస్తే, నేల గురించిన తెలివిడిని స్థానిక బెటాలియన్ తెచ్చింది.

కుండపోత వానలో, వరుసలు తీరిన రబ్బరు చెట్ల మధ్య ముందు నడిచిన 11వ ప్లటూన్ దాదాపు చుట్టుముట్టబడింది. మందుగుండు అయిపోతుండగా రెండు హెలికాప్టర్లు చెట్ల మీదుగా వచ్చి దుప్పట్లలో చుట్టిన తూటా పెట్టెలను జారవిడిచాయి. కంపెనీని నిజంగా కాపాడింది మాత్రం ఫిరంగులే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా ఫిరంగి బ్యాటరీలు కలిసి ఆ కొద్ది గంటల్లో 3 వేలకు పైగా గుండ్లు పేల్చాయి. చీకటి పడే వేళకు కవచ వాహనాలు చేరుకోవడంతో దాడి విరిగిపోయింది. ఆస్ట్రేలియన్లు 18 మంది మరణించారు. పోరు తరువాత తోటలో లెక్కించిన ఎదుటి పక్షం శవాలు 245. పొలం దున్నుకునే పల్లెజనమే ఎదురై ఉంటే ఈ పోరాటం ఇలా జరిగేది కాదు.

అపోహ: గెరిల్లాలతో పోరాడే విద్య తెలిసి ఉంటే కూటమి సులువుగా గెలిచేది.

మలయాలో బ్రిటిష్‌వారు తిరుగుబాటును అణచిన అనుభవాన్ని ఈ వాదానికి సాక్ష్యంగా చూపిస్తారు. అక్కడ తిరుగుబాటుదారుల్లో అత్యధికులు చైనీయ సంతతికి చెందిన మైనారిటీ. సరిహద్దు అవతల వారిని పోషించే రెగ్యులర్ సైన్యమూ లేదు. పల్లెజనాన్ని కాపలా ఉన్న ఊళ్లలోకి చేర్చి తిరుగుబాటుదారుల నుంచి విడదీసే ఆ పద్ధతినే 1962 నుంచి వ్యూహాత్మక గ్రామాల పేరుతో దక్షిణ వియత్నాంలో పెద్దఎత్తున అమలు చేశారు. ఆ పథకాన్ని నడిపినవారిలో ముఖ్యుడైన కల్నల్ ఫామ్ న్గోక్ థావో స్వయంగా కమ్యూనిస్టుల రహస్య ఏజెంటు కావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. 1963 నవంబరులో దక్షిణ వియత్నాం అధ్యక్షుడు డియెమ్ హత్యతో అది పూర్తిగా కుప్పకూలింది.

ఆస్ట్రేలియన్లకు మలయా అడవుల అనుభవం నిజంగానే ఉంది. చిన్న గస్తీలు, నిశ్శబ్దంగా పొంచి ఉండడం వారికి వెన్నతో పెట్టిన విద్య. అయినా వారే 1967లో చేసిన ఒక పని చూడండి. కొండల్లో ఉన్న ప్రధాన దళాలకు దాత్ డో గ్రామాల బియ్యం అందకుండా చేయాలని, హార్స్‌షూ గుట్ట నుంచి సముద్రం దాకా 11 కిలోమీటర్ల పొడవున కంచె వేసి, 20 వేలకు పైగా ఎగిరి పేలే మందుపాతరలు పాతారు. గస్తీకి చాలినంతమంది లేక దాని కాపలాను స్థానిక దక్షిణ వియత్నాం దళాలకు వదిలారు. ఆ కాపలా సరిగా జరగలేదు. గ్రామ గెరిల్లాలు రాత్రిపూట పాకుతూ వెళ్లి, పిన్నులు తిరిగి గుచ్చడం నేర్చుకుని, వేల పాతరలను తవ్వి తీసుకుపోయి ఆస్ట్రేలియన్లు నడిచే దారుల్లోనే పాతారు. ఎవరికీ విద్య కొరవడి ఇలా జరగలేదు. రెజిమెంట్ల కోసం కొండల్లో వెతకాలా, ఊళ్లలో కూర్చుని కాపలా కాయాలా అన్నప్పుడు రెండూ చేయడానికి మనుషులు చాలకపోవడమే అసలు కారణం.

మన విద్యార్థులు దీన్ని తరచూ తెలంగాణ సాయుధ పోరాటంతో పోల్చి అడుగుతారు. పోలిక ఊళ్ల దాకా నిలుస్తుంది, ఆపైన నిలవదు. 1948 సెప్టెంబరు తరువాత భారత సైన్యాన్ని ఎదుర్కొన్న దళాల వెనుక సరిహద్దు అవతల ఆశ్రయం గానీ, ఆయుధాలు పంపే మిత్రరాజ్యం గానీ, వెంట దిగే రెగ్యులర్ డివిజన్ గానీ లేవు. 1951లో పోరాటం విరమించారు.

అపోహ: శవాల లెక్క చూస్తే కూటమి గెలుస్తున్నట్టే.

ఎదుటివారు నష్టాలను భర్తీ చేసుకోలేనంతగా చంపితే యుద్ధం ముగుస్తుందన్నది వియత్నాంలో అమెరికా సేనాధిపతి జనరల్ వెస్ట్‌మోర్లాండ్ లెక్క. ఈ లెక్క యూనిట్ల పదోన్నతులకు కొలమానమయ్యాక అది ఎంత నమ్మదగినదో రెండు ఉదాహరణలు చెబుతాయి. 1968 డిసెంబరు నుంచి 1969 మే దాకా మెకాంగ్ డెల్టాలో అమెరికా 9వ డివిజన్ జరిపిన స్పీడీ ఎక్స్‌ప్రెస్ ఆపరేషన్‌లో చంపినట్టు చెప్పుకున్న శత్రువులు 10,899 మంది. దొరికిన ఆయుధాలు 748. అంతకుముందు 1968 మార్చి 16న మై లాయ్‌లో వందలమంది నిరాయుధ గ్రామస్థులను ఊచకోత కోసినప్పుడు పైఅధికారులకు వెళ్లిన నివేదిక 128 మంది శత్రువులు చనిపోయారని, మూడు ఆయుధాలు దొరికాయని చెప్పింది. ఈ రెండు అంకెల నిష్పత్తిని పక్కపక్కన చూసి అనుమానించిన అధికారి ఒక్కరైనా ఉండవలసింది.

అపోహ: టెట్ దాడిలో వియత్‌కాంగ్ గెలిచింది. లేదా, టెట్‌లో కూటమి గెలిస్తే పత్రికలు ఓడించాయి.

1968 జనవరి 30, 31 తేదీల్లో టెట్ అనే చాంద్రమాన నూతన సంవత్సర సెలవుల మధ్య వందకు పైగా పట్టణాల మీద దాడులు జరిగాయి. జనం తిరగబడి సైగాన్ ప్రభుత్వాన్ని కూలదోస్తారన్న ఉత్తర వియత్నాం పార్టీ నాయకుడు లె డువాన్ అంచనా పూర్తిగా తప్పింది. దక్షిణాది గెరిల్లా యంత్రాంగం ఎంతగా నష్టపోయిందంటే, ఆ తరువాత వియత్‌కాంగ్ దళాల్లో ఖాళీలను ఉత్తరాది సైనికులతో నింపవలసి వచ్చింది. హ్యూ నగరంలో మాత్రం రెగ్యులర్ బలగాలు మూడు వారాలకు పైగా నిలిచి పోరాడాయి. ఆ రోజుల్లో వారు వేలమంది పౌరులను చంపి పాతిపెట్టారన్నదీ చరిత్రే.

ఇక పత్రికల సంగతి. 1967 అక్టోబరు నాటికే, అంటే టెట్‌కు మూడు నెలల ముందే, అమెరికాలో జరిగిన గాలప్ ప్రజాభిప్రాయ సర్వేలో ఈ యుద్ధంలోకి సైన్యాన్ని పంపడం పొరపాటన్నవారు కాదన్నవారిని మించిపోయారు. ఆ నవంబరులో వెస్ట్‌మోర్లాండ్ వాషింగ్టన్ వచ్చి ముగింపు కనుచూపు మేరలో ఉందని చెప్పారు. రెండు నెలలకే సైగాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలో కాల్పులు వినిపించినప్పుడు జనం నమ్మకం పోయిందంటే, అది విలేకరుల కల్పన కాదు.

అపోహ: హోచిమిన్ బాట ఒక అడవి కాలిబాట.

ఉత్తరం నుంచి లావోస్ మీదుగా దక్షిణానికి మనుషులనూ ఆయుధాలనూ చేర్చిన ఈ బాట 1959లో మొదలైనప్పుడు అలాంటిదే. 1970ల నాటికి అది వేల కిలోమీటర్ల లారీ రోడ్లు, విమాన విధ్వంసక శతఘ్నులు, పెట్రోలు పైపులైను ఉన్న రవాణా వ్యవస్థ. లావోస్ మీద 1964–73 మధ్య 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించినా అది ఆగలేదు.

అపోహ: ఈ యుద్ధంలో భారతదేశం ప్రేక్షకురాలు.

జెనీవా ఒప్పందం అమలును పర్యవేక్షించిన అంతర్జాతీయ కమిషన్‌కు భారతదేశమే అధ్యక్షత వహించింది. కెనడా, పోలండ్ సభ్యదేశాలు. 1962 జూన్‌లో భారత్, కెనడా కలిసి ఇచ్చిన ప్రత్యేక నివేదిక, పోలండ్ విభేదించినా, రెండు పక్షాలనూ తప్పుపట్టింది. ఉత్తరం నుంచి మనుషులు, ఆయుధాలు దక్షిణానికి వెళుతున్నాయని ఒకవైపు, అమెరికా నుంచి దక్షిణం ఒప్పందాన్ని మీరి సైనిక సహాయం పొందుతోందని మరొకవైపు తేల్చింది. గెరిల్లా పోరు కేవలం దక్షిణాది అంతర్గత వ్యవహారమన్న వాదనకు ఆనాడే వచ్చిన జవాబు అది.

అపోహ: సైగాన్‌ను గెరిల్లాలు పట్టుకున్నారు, దక్షిణ వియత్నాం సైన్యం పోరాడనే లేదు.

1972 మార్చి 30న ఉత్తర వియత్నాం ట్యాంకులతో, భారీ ఫిరంగులతో మూడు దిక్కుల నుంచి దాడి చేసినప్పుడు నేల మీద నిలిచి పోరాడింది దక్షిణ వియత్నాం సైన్యమే. ఆన్ లోక్ పట్టణం నెలల తరబడి ముట్టడిలో ఉండి కూడా లొంగలేదు. అయితే ఆకాశం నుంచి అమెరికా బీ-52 బాంబర్ విమానాల అండ లేకుండా అది సాధ్యమయ్యేది కాదు. 1973 జనవరి 27 నాటి పారిస్ ఒప్పందం అమెరికా సేనలను పంపించివేసింది గానీ, దక్షిణంలో ఉన్న ఉత్తరాది డివిజన్లను అక్కడే ఉండనిచ్చింది. 1974లో అమెరికా కాంగ్రెస్ సైనిక సహాయాన్ని 70 కోట్ల డాలర్లకు తగ్గించింది. చమురు ధరలు అప్పటికే మండిపోతున్నాయి. అమెరికా పద్ధతిలో విమానాలు, ఫిరంగుల మీద ఆధారపడేట్టు తయారైన సైన్యానికి ఇంధనమూ గుండ్లూ కరువయ్యాయి.

1975 మార్చి 10న మధ్య పీఠభూమిలోని బన్ మే థువాట్ పట్టణం మీద పడ్డవి రెగ్యులర్ డివిజన్లు. నాలుగు రోజులకు దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూ మధ్య పీఠభూమిని వదిలేయాలని నిర్ణయించడంతో, పాడుబడిన 7బి రోడ్డు మీద సైనికులు, వారి కుటుంబాలు, శరణార్థులు కలగలిసి పోయిన ఆ తిరోగమనం మొత్తం సైన్యం వెన్ను విరిచింది. మార్చి 29కి డా నాంగ్ పడిపోయింది. అయినా సైగాన్‌కు తూర్పున షువాన్ లోక్‌లో 18వ డివిజన్, ఏప్రిల్ 9 నుంచి 20 దాకా, తనకంటే ఎన్నో రెట్లు పెద్ద బలగాన్ని నిలువరించింది. ఏప్రిల్ 30న సైగాన్‌లోని అధ్యక్ష నివాసమైన స్వాతంత్ర్య భవనం గేట్లను ఢీకొట్టి లోపలికి దూసుకుపోయినవి ఉత్తర వియత్నాం సైన్యపు ట్యాంకులు; వాటి వెనుక అన్ని దిక్కుల నుంచీ నగరంలోకి వచ్చినవి కోర్ స్థాయి రెగ్యులర్ బలగాలు.